తల తెగని దెబ్బ

గద్వాల కోట కాడ ఎవరన్న తుమ్మితె, బస్టాండు ఎన్క తన ఆఫీసుల కూసొనే ఆ తుమ్ము ఎవరిదో చెప్తనని జగదీశ్ చెప్పుకునేటోడు. జర టైమిస్తె ఆ మనిషి పొద్దున ఏం తిన్నడో గూడ చెప్తనంటుండె. ఉత్తగ అనుడే గాదు, బోర్డు మీద రాయించిండు గూడ: "జగదీశ్ డిటెక్టివ్ ఏజెన్సీ. ఈ చెవి తప్పదు. జెరాక్సు, లామినేషన్ చేయబడును."

2009 నవంబరు. శుక్రవారం పొద్దున పది దాటి పది నిమిషాలు. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. జగదీశ్ కండ్లు మూసుకొని చెయ్యి లేపిండు. ముంగట కూసున్న సుమన మాట ఆపింది.

"శంకరయ్య సేటు," అన్నడు జగదీశ్. "ఎడమ కాలు జర ఈడుస్తడు. పొద్దున ఉప్మా తిన్నడు."

తలుపు తోసుకొని మేక వచ్చింది. సీదా బల్ల కాడికి పోయి, ఏజెన్సీ రేట్ల కాగితాన్ని మొదటి నుంచి చివరి దాక, చదివినంత నిమ్మలంగ తిన్నది.

"ఉప్మా అయితె కాదన్నా," అన్నది సుమన.

ఆమె నవ్వలే. తొమ్మిది దినాల నుంచి ఆమె నవ్వింది లేదు. సుమనది గోపాల్‌పేట. వాళ్ల నాయన జంగయ్య డోలు కొట్టేటోడు. వీపనగండ్ల దిక్కు ఎల్లమ్మ జాతరల తొలిదెబ్బ ఆయనది. జంగయ్య డోలు మీద మొదటి దెబ్బ పడ్డంకనే బోనం లేవాలె, అప్పటిదాక ఎంత పెద్దమనిషైనా నిలవడి చూడాల్సిందే. 2004ల జంగయ్య డోలుతోటి "ఎల్లమ్మ పాటలు" అని ఒక రికార్డింగు బయటికొచ్చింది. ఆ పాటలు ఇన్నంకనే జాతర కమిటీ తొలిదెబ్బ హక్కు ఆ ఇంటికి రాసిచ్చింది. రెండేండ్ల కింద జంగయ్య సచ్చిపోయిండు. కొడుకులు లేరు. నేను కొడ్తనని సుమన డోలు మెడకేసుకున్నది.

అగో, అప్పుడు లేచిండు గోవిందు. జంగయ్య మేళంలనే రెండో డోలు కొట్టేటోడు. ఆ రికార్డింగుల డోలు జంగయ్యది కాదు, నాదన్నడు. ఆ దినం జంగయ్య నాగర్‌కర్నూల్ దవాఖానల పండుకోని ఉంటె, తానే పోయి కొట్టిన్నన్నడు. మరి ఆయన బతికున్నన్ని దినాలు నీ నోట్ల నాలిక లేదా అని సుమన అడిగింది. ఉండెగానీ మర్యాద అడ్డమొచ్చిందన్నడు గోవిందు.

కమిటీ పెద్ద కురుమూర్తి ఒక్క మాట చెప్పిండు. ఆ పాటల డోలు ఎవరి చెయ్యో తేలితె తొలిదెబ్బ ఆ ఇంటిదే. శుక్రవారం నాలుగు గంటలకు ఎల్లమ్మ చీర తీస్కపోనీకి గద్వాలకు వస్త, అప్పుడు ఆ పాట ఇంట, అప్పుడే తీర్పు.

ఆ శుక్రవారం ఇదే.

జగదీశ్ మేకను బయటికి తోలి కంప్యూటర్ తెర సుమన దిక్కు తిప్పిండు. తొమ్మిది దినాల నుంచి ఆయన చేస్తున్న పని ఆ తెర మీదనే ఉన్నది. పాటంటె తెర మీద గుట్టలు, గుంతలు లెక్క కనవడాలె. గట్టిగ కొట్టిన దెబ్బ గుట్ట, మెల్లగ కొట్టిన దెబ్బ గుంత. దుకాణంల అమ్మిన సీడీ పెడితె మాత్రం, ఈ అంచు నుంచి ఆ అంచు దాక ఇటుక గోడ కనవడ్డది.

"ట్రాక్టర్ మీద పెడితె పక్క మండలానికి ఇనవడాలె అని గిట్ల చేసిన్రు," అని జగదీశ్ పండ్లు కొరికిండు. మెల్లగ కొట్టిందాన్ని, గట్టిగ కొట్టిందాన్ని ఒక్క ఎత్తుకు లేపిన్రు. తెర పైకప్పుకు తగిలిన గుట్టల తలకాయలన్ని కోసేసిన్రు. మిగిలింది రేకుల షెడ్డు మీద వడగండ్ల వాన. అండ్ల జంగయ్య చెయ్యేదో, గోవిందు చెయ్యేదో బ్రహ్మదేవుడు హెడ్‌ఫోన్ పెట్టుకున్నా చెప్పలేడు. "ఈ పని చేసిన కొడుకు దొరికితె వాని చెవులకు రెండు దిక్కుల రెండు డీజే బాక్సులు కట్టి, మూడు దినాలు ఇదే పాట ఇనిపిస్త. వాడు మనిషి గాదు."

ఈ మాట తొమ్మిది దినాలల్ల నూటపదకొండోసారి అన్నడు. ప్రతిసారి ముఖం ఎర్రగయ్యేది. ఎవరో తెల్వనోని మీద ఇంత కోపం ఎందుకా అని సుమనకు అనిపించింది గానీ, తన కోపం తనకే చాలినంత ఉండెనని ఊకున్నది.

సాఫ్ట్‌వేర్ చేసే పని రెండు ముక్కల్ల చెప్పొచ్చు. కోసిన తల ఎంత ఎత్తు ఉండెనో అంచనా కట్టి మళ్ల మొలిపిస్తది. బలవంతంగ లేపిన మెత్తటి చప్పుడును మళ్ల కిందికి దించుతది. అట్ల ఒక్కో దెబ్బను పట్టుకొని దించి, లేపి, ఇటుక గోడల నుంచి జగదీశ్ ఒక డోలును బయటికి తీసిండు. ఇప్పుడు మీట నొక్కిండు.

ధం. ధం. త... ధం.

తోలు మీద కట్టె తగిలిన జాగ కండ్ల ముంగట కనవడ్డట్టే ఉన్నది. సుమన తెర దగ్గరికి జరిగి ఇన్నది. మూడో దెబ్బ ప్రతిసారి మెత్తగ, భయంభయంగ పడుతున్నది. అది ఎడమ చేతి దెబ్బ.

ఆమె ముఖం పాలిపోయింది. మా నాయన ఎన్నడూ మూడో దెబ్బ గట్ల కొట్టలే అన్నది. ఎడమ చెయ్యే ఆయన పేరు. మూడోది వడ్డదంటె కుండలల్ల నీళ్లు కదిలేటివి. మరి ఇది ఎవరిది.

జగదీశ్ తెరను మళ్ల తన దిక్కు తిప్పుకున్నడు. "ఆ ముచ్చట బయట ఎక్కడ అనకు," అన్నడు. "నా కాడ వేరే సాక్ష్యం ఉన్నది. సాయంత్రం దాక ఆగు."

ఆ పాటలు రికార్డయిన శంకరయ్య దుకాణానికి ఇద్దరూ పోయేసరికి పన్నెండుంబావు. ముంగట సీడీలు, సెల్లుఫోన్ కవర్లు. ఎనక తలుపు తీస్తె రికార్డింగు గది. శంకరయ్య గల్లా కాడ పండ్లల్ల పుల్ల పెట్టుకొని ఉన్నడు. జగదీశ్ నమస్తె గూడ చెప్పకుంట మొదలువెట్టిండు.

సీడీ అట్ట మీద 17-6-2004 అని ఎందుకున్నది? ఆ దినం తయారైంది గనక. ఆ దినం డోలు ఎవరు కొట్టిన్రు? నేను దుకాణం చూసుకుంటుంటి, లోపట ఎవరు కొట్టిన్రో నాకేం తెలుసు అన్నడు శంకరయ్య. పుల్ల ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చి, "లోపట మిషిని చూసుకునేటోడు ఒకడుండె. మస్తు హుషారు. ఒక దినం చెప్పకుంట పోయిండు," అన్నడు. ఆ మాటంటున్నంతసేపు జగదీశ్ ముఖంల ఏదో సిన్మ ఆడుతున్నట్టు చూసుకుంట కూసున్నడు.

ఆయన పేరేంది అని సుమన అడగవోయింది. జగదీశ్ ఆ మాట మీదనే మాట ఏసిండు. అసలు టేపు ఏది?

అలంపూర్ల మా అక్క ఇంట్ల పెట్టిన, మొన్న వరదల పోయిందన్నడు శంకరయ్య.

ఆ తర్వాత జగదీశ్ చేసిన విచారణ చూస్తె పోలీసోళ్లు గూడ కుర్సీ ఇచ్చి కూసోవెడుదురు. నీళ్లు ఎన్ని గంటలకు వచ్చినయి? ఏ దిక్కు నుంచి వచ్చినయి? టేపు అర్రల ఉండెనా, అటక మీద ఉండెనా? అటక నేల నుంచి ఎన్ని అడుగులు? నీళ్లు ముందుగాల కుడి దిక్కు తడిపినయా, ఎడమ దిక్కా? పదిహేను నిమిషాలు అడిగిండు. ఆఖరికి శంకరయ్య, "నీళ్లను పిలిపించి అడుగు తమ్మీ, నేను ఈదుకుంట పోయి చూడలే," అన్నడు.

రికార్డింగు గదిల కిటికీ లేదు. గోడలకు గోనె సంచులు కొట్టి ఉన్నయి. తలుపు తీస్తె లోపట బొగ్గు గని. సుమన గోడ తడుముకుంట స్విచ్చు వెతుకుతుంటె, జగదీశ్ వంగి, తలుపు ఎనక మోకాలెత్తుల ఉన్న స్విచ్చును టక్కున ఏసిండు. కరెంటు లేదు. రెండు దాటినంకనే వస్తది. ఎమర్జెన్సీ లైటు తెప్పించిన్రు.

డోలు కూసొని కొట్టే జాగ, మైకు స్టాండు, పాత మిషిని బల్ల. ఒక గోడ మాత్రం పల్చగున్నది. ఆవలి దిక్కు అంజమ్మ ఇల్లు. జాతర చీర ప్రతి ఏడు ఆమె మగ్గం మీది నుంచే పోతది. గోడకు చెవి పెడితె మగ్గం దెబ్బ ఇనవడుతున్నది. జగదీశ్ ఆ గోడను కొట్టి చూసిండు, జానతోని కొలిచిండు, కాగితం మీద రాసుకున్నడు. నా సాక్ష్యం ఈ గోడనే అన్నడు.

మిషిని బల్ల పక్క గోనె చిరిగిన కాడ, సున్నం మీద పెన్సిలుతోటి గీసిన నిలువు గీతలున్నయి. సుమన లైటు దగ్గరికి పెట్టి లెక్కవెట్టింది. పదకొండు. పైన "జం" అని రాసున్నది. ఇవేందన్నా అని అడిగింది.

"పోరగాండ్లు గీసిన గీతలు," అని జగదీశ్ వచ్చి ఆ గోడకు ఈపు ఆనించి నిలవడ్డడు. మళ్ల గదిల నుంచి బయటికి పోయేదాక ఆ ఈపు అక్కడి నుంచి తియ్యలే.

బయట రమేష్ ఎదురొచ్చిండు. రమేష్‌ది వనపర్తి. సౌండ్ సెట్లు కిరాయికిస్తడు, కంప్యూటర్లు బాగుచేస్తడు, ఎవరన్న పిలిస్తె జగదీశ్‌కు పోటీగ కేసులు గూడ చేస్తడు. ఈ కేసుల ఆయన గోవిందు దిక్కు. ఇద్దరూ ఎదురువడితె మాట్లాడుకోరు, ఒకలమీద ఒకలు ఒర్లుతరు.

"ఏం జెరాక్సు డిటెక్టివూ, గాడిదకు కోయిల గొంతు పెట్టినవట గదా," అన్నడు రమేష్.

"గాడిద నీ దిక్కుందని ఒప్పుకుంటున్నవు, మంచిది," అన్నడు జగదీశ్.

రమేష్ అంగి జేబుల నుంచి కాగితం తీసి ముక్కు ముంగట ఆడిచ్చిండు. నాగర్‌కర్నూల్ దవాఖాన చీటీ జెరాక్సు. పేరు జంగయ్య. జూన్ 16న పండవెట్టిన్రు, 19న పంపిచ్చిన్రు. సీడీ 17న తయారైంది. ఇంక ఏం కావాలె అన్నడు. చీటీ కింది సగం తెల్లగ ఉన్నది, ఏమీ అచ్చువడలే. సుమన దాన్ని గూడ చూసింది.

జెరాక్సు బాగున్నది, సిరా చిక్కగున్నదన్నడు జగదీశ్. ఉండదా మరి, నీ దుకాణంలనే తీయించిన, రూపాయి తీసుకున్నవు అన్నడు రమేష్. ఇద్దరూ ఒకని కాలరు ఒకడు పట్టుకునేంత దగ్గరికొచ్చిన్రు. సాఫ్ట్‌వేర్ అన్నది ఊహ అని రమేష్, నీ తలకాయల అదీ లేదని జగదీశ్. సుమన నడుమల నిలవడి, మా నాయన ఇజ్జత్ మీరు అంగీలు చింపుకుంటె వచ్చేది కాదన్నది. ఇద్దరూ అంగీలు సరిజేసుకున్నరు.

నాలుగు కొట్టేసరికి రికార్డింగు గది నిండింది. కురుమూర్తి పెద్దరుమాలు చుట్టుకొని కుర్సీల కూసున్నడు. అంజమ్మ మడతవెట్టిన ఎల్లమ్మ చీరను ఒడిల పెట్టుకొని పక్కన కూసున్నది. గోవిందు వాకిట్ల చేతులు కట్టుకొని, రమేష్ కాళ్లు ఊపుకుంట ఒడిల ల్యాప్‌టాప్‌తోటి, శంకరయ్య పుల్లతోటి. సుమన ఆ పెన్సిలు గీతల పక్కకు నిలవడ్డది.

జగదీశ్ ఆఫీసు నుంచి మోసుకొచ్చిన కంప్యూటర్ల పాట పెట్టిండు. డోలు ఎనక, సన్నగ, దూరంగ, ఇంకొక చప్పుడు. టక్. టక్. టక్. టక్.

పాటను ఇటుక గోడ చేసినప్పుడు ఈ చప్పుడు పూడిపోయిందని, తాను తవ్వి తీసిన్నని చెప్పిండు. ఇది మగ్గం దెబ్బ. ఈ గోడకు ఆవలిది. జగదీశ్ గొంతు సవరించుకున్నడు.

"2004 జూన్ 17 ఏం దినం? అమాస. అంజమ్మక్కా, అమాస నాడు మీరు మగ్గం ఎక్కుతరా?"

అంజమ్మ చెంపలేసుకున్నది. "అమాస నాడు మగ్గం ముడితె ఇంకేమన్న ఉన్నదా. మా అత్త కాలం నుంచి లేదు."

మగ్గం నడిచిందంటె అది అమాస కాదు. అమాస కాదంటె 17 కాదు. 17 కాదంటె దవాఖాన చీటీ చెత్తబుట్టకు. కురుమూర్తి తల ఊపిండు. గోవిందు కట్టుకున్న చేతులు ఇడిచిండు. గింత సక్కటి సాక్ష్యం పాలమూరు జిల్లల ఇంతకుముందు ఎవ్వరు చూసి ఉండరని జగదీశ్‌కు గట్టి నమ్మకం.

"ఇంకోసారి పెట్టు బిడ్డా," అన్నది అంజమ్మ.

పెట్టిండు. ఆమె తల పక్కకు వంచి ఇన్నది. ఏలుతోటి చీర మీద తాళమేసింది. ఆగింది.

"ఇది చీర దెబ్బ కాదు."

అంజమ్మ మామూలుగనే చెప్పింది. గద్వాల చీరకు నడుమ నూలు, అంచుకు పట్టు. అంచు కాడికి వచ్చినప్పుడల్ల పోగును అటు ఇటు మోసే నాడె ఆపాలె, నూలు పోగును పట్టు పోగుతోటి పెనవెయ్యాలె, అప్పుడే దెబ్బ కొట్టాలె. దెబ్బకు దెబ్బకు నడుమ ఆగుడుంటది. ఇది ఆగకుంట పోతున్నది. "ఇది తువాల నేసే దెబ్బ. ఈ గల్లిల తువాలలు ఎవ్వరు నెయ్యరు. ఎన్నడూ నెయ్యలే."

రమేష్ లేచిండు. జగదీశ్ కంప్యూటర్ కాడికి వచ్చి, అడగకుంట మౌసు గుంజుకున్నడు. రెండు నొక్కులు నొక్కిండంతే. డోలు ఒక దిక్కు, మగ్గం ఒక దిక్కు, రెండు వేరువేరు గీతలుగ తెర మీద పడ్డయి. మగ్గం గీత మీద తేదీ ఉన్నది. మొన్న మంగళారం.

"చెవి తప్పదని బోర్డు రాసుకున్నవు గదరా," అన్నడు రమేష్. "తువాలకు, చీరకు తేడా తెల్వని చెవి."

పెద్దమనుషుల ముంగట దొంగ సాక్ష్యం పెట్టినవా అని కురుమూర్తి లేవబోయిండు. గోవిందు ముఖంల దీపావళి.

"కూసో పెద్దయ్యా," అన్నది సుమన. ఆమె గొంతు పెద్దగ లేదు. "నేను ముగ్గు కలుపుకుంట వచ్చిన. చుక్కలన్ని దొరికినయి."

జగదీశ్ దిక్కు తిరిగింది.

"ఈ గదిల స్విచ్చు తలుపు ఎనక, మోకాలి కాడ ఉన్నది. చీకట్ల నువ్వు వెతకలే. నీళ్లు ఎన్ని గంటలకు వచ్చినయో అడిగినవు, మిషిని చూసుకునేటోని పేరు అడగలే. నేను అడగవోతె అడగనియ్యలే. రమేషన్న చీటీ నీ దుకాణంల జెరాక్సు తీయించుకుంటె, కింది సగం మడిచి పెట్టి తీసిచ్చినవు." ఆమె గోడ మీద చెయ్యి పెట్టింది. "ఈ గీతలు పోరగాండ్లు గీసినయని చెప్పి, మధ్యాహ్నమంత వాటి మీద ఈపు పెట్టుకొని నిలవడ్డవు. వాడు దొరికితె డీజే బాక్సులు కడ్తనంటివి గదన్నా. కట్టు."

శంకరయ్య నోట్ల నుంచి పుల్ల తీసి పారేసిండు. సిన్మ అయిపోయింది.

జగదీశ్ డోలు కొట్టే జాగల, నేల మీద కూసున్నడు. కూసొని చెప్పిండు.

"మిషిని చూసుకునేటోణ్ణి నేనే. అప్పుడు నాకు ఇరవై రెండు. రికార్డు చేసింది 17న కాదు, 14న. సోమారం. కొట్టింది జంగయ్యనే. గోవిందు ఆ దినం గదిలకే రాలే. 17న నేను కంప్యూటర్ల పని ఖతం చేసిన, అట్ట మీద ఆ తేదీ ఏసిన. జంగయ్య ఎడమ బొటనవేలు అప్పటికే ఉబ్బి ఉండె. ముల్లు ఇరిగింది లోపట. మూడో దెబ్బ మెత్తగ పడుతుండె. నేను ఒర్లిన. మళ్ల కొట్టు, మళ్ల కొట్టు అని. నొస్తుంది తమ్మీ అన్నడు ఒక్కసారి. ఒక్కసారే అన్నడు."

ఆగి, మళ్ల చెప్పిండు. ఆ దెబ్బ తక్కువ పడ్డదని ఎవరికీ తెల్వొద్దని, మొత్తం పాటను పైకప్పుకు లేపి తలలు కోసిందీ తనే. టేపు అలంపూర్ ఎన్నడూ పోలే. దాని మీద తాను కప్పల అరుపులు, బస్సు హారన్లు మిమిక్రీ చేసి రికార్డు చేసిండు. ఆ క్యాసెట్లు మూడు అమ్ముడువోయినయి, అండ్ల రెండు తానే కొన్నడు. ఊళ్లకు ఊళ్లు మునిగిన వరద మీదికి శంకరయ్య ఈ టేపును గూడ తోసిండు, తాను ఊకున్నడు.

"నిజం తెలిసినోడివి నువ్వొక్కనివే," అన్నది సుమన. "కండ్లార చూసినవు. వచ్చి చెప్తె అయిపోతుండె గదా."

"చెప్తె, ఆ చెయ్యిని అట్ల చేసింది నేనే అని గూడ చెప్పాలె గదా. అందుకే మగ్గం దెబ్బ పెట్టిన."

కురుమూర్తి తువాలుతోటి ముఖం తుడుసుకున్నడు. ఇప్పుడే దొంగ సాక్ష్యం పెట్టినోని మాట ఎట్ల నమ్మాలె, గోవిందును కాదని నిన్నెందుకు నమ్మాలె అన్నడు. న్యాయమైన మాట.

"నన్ను నమ్మొద్దు," అన్నడు జగదీశ్. "నా కంప్యూటర్ గూడ నమ్మొద్దు. రమేష్ ల్యాప్‌టాప్ల దుకాణం సీడీ పెట్టండి. నేను ముట్టను. మూడో దెబ్బను పెద్దగ చేసి చూడండి. అట్లనే ఆ చీటీ అసలుది తియ్యండి."

రమేష్ శంకరయ్య అలమారల నుంచి కొత్త సీడీ తీయించి తన ల్యాప్‌టాప్ల పెట్టిండు. తెర మీద ఇటుక గోడ. దాన్ని పెద్దగ చేసుకుంట పోయిండు, ఒక్కో దెబ్బ ఒక్కో తాటిచెట్టంత అయ్యేదాక. మొదటి దెబ్బ తల కత్తితోటి కోసినట్టు సాపుగున్నది. రెండోది సాపు. నాలుగోది సాపు. మూడోది మాత్రం పైన గుండ్రంగున్నది. పైకప్పు దాక లేపిన్రు గానీ, అది పైకప్పుకు తగిలేంత బలం దాని కాడ లేకుండె. రమేష్ ఇంకో పాట పెట్టిండు. ఇంకోటి. ఆయన కాళ్లు ఊపుడు బందైంది.

"మూడోదానికి తల తెగలే," అన్నడు, ఎవరితోటీ గాదు. "ఏ పాటల చూసినా."

ఇప్పటిదాక తేదీలే చూసిన అసలు చీటీని జేబుల నుంచి తీసి, లైటు కింద పెట్టి, డాక్టరు రాతను ముక్క ముక్క చదివిండు. ఎడమ చెయ్యి, బొటనవేలు. ముల్లు. నాలుగు దినాల కిందిది. చీము. కోత పెట్టాలె. తేదీ 16. అంటె 14 నాటికే ఆ ఏలుల ముల్లు ఉన్నది.

చదివి తల ఎత్తిండు. "గోవిందూ, నీ ఎడమ చెయ్యికి అప్పుడు ఏమన్న అయ్యెనా?"

అందరూ వాకిలి దిక్కు చూసిన్రు. గోవిందు చెప్పులు తొడుక్కుంటున్నడు. జవాబు చెప్పకుంటనే గల్లిల నడుచుకుంట పోయిండు. రమేష్ ల్యాప్‌టాప్ మూసి, నేను పైసలిచ్చినోని దిక్కు గానీ అబద్ధం దిక్కు కాదు, రాసుకోండి అన్నడు కురుమూర్తితోటి. జగదీశ్ దిక్కు మాత్రం చూడలే.

కురుమూర్తి అంజమ్మ ఒడిలకెళ్లి చీర తీసుకొని కండ్లకద్దుకున్నడు. తొలిదెబ్బ జంగయ్య ఇంటిదే, పిల్ల కొడ్తదని చెప్పిండు. పోయేటప్పుడు జగదీశ్‌ను దాటి పోయిండు, బండరాయిని దాటినట్టు.

గదిల ఇద్దరే మిగిలిన్రు. గెలిచిన మనిషి ముఖం సుమనకు లేదు.

"తలుపు సందుల పడ్డదన్నడు మాతోటి," అన్నది. "ఆ ఏలు మళ్ల వంగలే. అంగి గుండీలు పెట్టుకొనీకి రాకుండె. అరచెయ్యి అంచుతోటి కొట్టుడు మళ్ల కొత్తగ నేర్చుకున్నడు, సంవత్సరం పట్టింది. మా అమ్మ ఆ తలుపును తిట్టి తిట్టి, ఒక దినం ఊడవీకించి పొయ్యిల పెట్టింది. రెండు చలికాలాలు మా ఇంటికి తలుపు లేకుండె."

జగదీశ్ నేల మీది నుంచి లేచిండు.

ఆమె గోడ కాడికి పోయి, గీతల మీద ఒక్కోదాని మీద ఏలు పెట్టుకుంట పోయింది.

"పదకొండుసార్లు కొట్టించినవు."

"పదకొండు."

"సీడీల పెట్టింది ఎన్నోది?"

గోడకు ఆవల అంజమ్మ మగ్గం ఎక్కినట్టున్నది. ఒక దెబ్బ. ఆగుడు. ఇంకో దెబ్బ. జగదీశ్ అది మొత్తం ఇన్నడు. ఈసారి చెవి తప్పలే.

"మొదటిదే," అన్నడు.